పళ్లెం నిండా పెట్టకండి.. అడిగితే మళ్లీ వడ్డించండి

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు, పాపకు ఆరేళ్లు. ఇద్దరికీ ఒకే సైజు పళ్లెంలో దాదాపు సమానంగా వడ్డిస్తాను. బాబు సగం కూడా తినకుండా లేచిపోతాడు. మిగిలింది బతిమాలో, ఫోన్ చూపించో తినిపిస్తున్నా. పాప మాత్రం ఎంత పెడితే అంతా ఖాళీ చేస్తుంది. ఈమధ్య బాగా ఒళ్లు చేసినట్టు కనిపిస్తోంది. అసలు ఈ వయసు పిల్లలకు ఎంత పెట్టాలి? బాబుకు ఆకలి పెరగడానికి టానిక్ ఏదైనా వాడొచ్చా?
- ఓ సోదరి

సమాధానం: మీ ఉత్తరంలో దిగులంతా బాబు గురించే ఉంది. నాకైతే పాప విషయమే ముందు చూడాలనిపిస్తోంది.

బాబు చేస్తున్నది ఆ వయసు పిల్లలు చేసేదే. పుట్టిన మొదటి ఏడాదిలో బిడ్డ బరువు దాదాపు మూడు రెట్లవుతుంది. రెండేళ్లు దాటాక ఆ వేగం ఉండదు. ఏడాదికి సుమారు 2 కిలోలు పెరిగితే చాలు. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. పైగా అది పూటకో తీరుగా ఉంటుంది. పొద్దున గట్టిగా తిన్న పిల్లాడు మధ్యాహ్నం నాలుగు ముద్దలతో సరిపెట్టేస్తాడు. అమెరికాలో లియాన్ బర్చ్ బృందం 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు తిన్నదంతా పూటపూటా లెక్కగట్టి 1991లో ఫలితాలు ప్రచురించింది. పూటకూ పూటకూ మధ్య కేలరీల్లో తేడా సగటున 34 శాతం దాకా ఉన్నా, రోజు మొత్తం మీద చూస్తే అది 10 శాతమే. ఒక పూట తగ్గించి తింటే మరో పూట దాన్ని వాళ్లే సర్దుకుంటున్నారు. మీరు బతిమాలి తినిపించే ఆ చివరి ముద్దలు ఈ సర్దుబాటుకే అడ్డుపడుతున్నాయి.

పాప దగ్గర ఈ సర్దుబాటు సడలుతున్నట్టుంది. ఇదే బర్చ్, బార్బరా రోల్స్‌తో కలిసి 2000లో ప్రచురించిన మరో అధ్యయనం మీ ఇంటికి అద్దంలా ఉంటుంది. ఒకే వంటకాన్ని చిన్న, మధ్యస్థ, పెద్ద పరిమాణాల్లో పెట్టి చూశారు. మూడున్నరేళ్ల పిల్లలు ఎంత పెట్టినా దాదాపు అంతే తిన్నారు. ఐదేళ్ల పిల్లలు మాత్రం పెట్టేకొద్దీ తిన్నారు. తర్వాతి అధ్యయనాల్లో ఇంకా చిన్న పిల్లల్లోనూ ఈ ప్రభావం కనిపించింది కాబట్టి బాబుకు ఇది ఎప్పటికీ అంటదని అనుకోవద్దు. 2003లో వచ్చిన అధ్యయనంలో వయసుకు తగినదానికి రెట్టింపు వడ్డిస్తే పిల్లలు ఆ వంటకాన్ని 25 శాతం ఎక్కువ తిన్నారు. ఎక్కువసార్లు నోట్లో పెట్టుకుని కాదు, ఒక్కో ముద్దా పెద్దదై! అదే పిల్లలను తమంతట తామే వడ్డించుకోనిస్తే, పెద్ద మొత్తం ముందు పెట్టినప్పటికంటే 25 శాతం తక్కువ తిన్నారు.

మీరు రాయలేదు గానీ, ‘అక్కను చూడు, ఎంత బుద్ధిగా తినేసిందో’ అనే మాట మీ ఇంట్లో వినిపిస్తుంటే వెంటనే ఆపండి. బాబు దానికి లొంగడు. ‘కడుపు నిండినా పళ్లెం ఖాళీ చేస్తేనే మంచిపిల్ల’ అని నేర్చుకునేది పాపే.

ఇక ఎంత పెట్టాలంటే, ఒక్కో పదార్థం వయసుకు ఏడాదికో పెద్ద చెంచా చొప్పున మొదలుపెట్టండి. అంటే బాబుకు మూడు, నాలుగు చెంచాలు. పాపకు ఆరు. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. ఇది మొదటి వడ్డన మాత్రమే. అడిగితే మళ్లీ పెట్టండి, ముఖం చిట్లించకుండా పెట్టండి. పళ్లేలు చిన్నవి వాడండి. పాపకు వడ్డించుకునే పని అప్పగించండి, చేతికి పెద్ద గరిటె కాకుండా చిన్న చెంచా ఇవ్వండి. మొదట్లో కాస్త ఎక్కువే పెట్టుకోవచ్చు, నాలుగు రోజులు ఓపిక పట్టండి.

ఏం వండాలో, ఏ వేళకు పెట్టాలో, ఎక్కడ కూర్చుని తినాలో మీరు నిర్ణయించండి. ఎంత తినాలన్నది పిల్లలకే వదిలేయండి. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చోవడం, తల పక్కకు తిప్పుకోవడం, మెతుకులతో ఆడటం, పళ్లెం ముందుకు నెట్టేయడం.. ఇవన్నీ ‘చాలు’ అని చెప్పడమే. 20-30 నిమిషాలైతే పళ్లెం తీసేయండి. ఫోన్ పూర్తిగా మానేయాలి. తెర చూస్తూ తినే పిల్లలకు కడుపు నిండిన సంగతే పట్టదు. మొదటి వారం బాబు గొడవ చేస్తాడు, తక్కువ తింటాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి దానివల్ల ప్రమాదమేమీ లేదు.

పాలు ఎంత తాగుతున్నాడో మీరు చెప్పలేదు. రోజుకు అర లీటరు దాటితే భోజనానికి చోటుండదు, ఐరన్ లోపమూ రావచ్చు. ఐరన్ తగ్గితే ఆకలి మరింత మందగిస్తుంది. పండ్ల రసాలు, మధ్యమధ్యలో బిస్కెట్లూ అంతే. భోజనానికీ చిరుతిండికీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉంచి, ఆ మధ్యలో నీళ్లే ఇవ్వండి. టానిక్ వద్దు. ఐరన్ లోపం ఉందని అనుమానమొస్తే రక్తపరీక్ష చేయించి దానికే చికిత్స చేస్తాం.

పెద్ద వడ్డనతో ఒక మేలు కూడా ఉంది. 3-5 ఏళ్ల పిల్లలకు భోజనానికి ముందు క్యారెట్ ముక్కలు 30 గ్రాములకు బదులు 60 గ్రాములు పెడితే 47 శాతం ఎక్కువ తిన్నారని 2010లో తేలింది. వంట పూర్తయ్యేలోపు పిల్లలు ఆకలితో చుట్టూ తిరుగుతుంటారే, కూరగాయ ముక్కలు ఎక్కువగా ముందు పెట్టడానికి అదే అదను. పచ్చి క్యారెట్ గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది కాబట్టి బాబుకు మెత్తగా ఉడికించి పెట్టండి.

పాపను డైటింగ్ పేరుతో కడుపు మాడ్చొద్దు. ఆమె వినేలా లావు, బరువు అన్న మాటలూ వద్దు. ఈ వయసులో బరువు తగ్గించడం మన లక్ష్యం కాదు. పెరిగే ఎత్తుకు బరువు సరిపోయేలా చూస్తే చాలు. నిజంగా పెరిగిందో లేదో కంటితో చెప్పలేం. ఎత్తు, బరువు కొలిచి గ్రోత్ చార్టులో చూడాలి. మీ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇద్దరి పాత బరువులు రాసి ఉన్న టీకాల కార్డులు తీసుకెళ్లండి. బాబు బరువు కొన్ని నెలలుగా పెరగకపోయినా, తగ్గినా, తినేటప్పుడు గొంతుకు అడ్డుపడుతున్నా, తరచూ వాంతులు, విరేచనాలు అవుతున్నా, పాలిపోయి నీరసంగా ఉంటున్నా ఈ వారమే చూపించండి. ఇవేవీ లేకపోతే, వడ్డన మార్చిన నెల తర్వాత వెళ్లినా సరిపోతుంది.