సొంత డబ్బు పెట్టుకుని పోస్ట్‌గ్రెస్ సమావేశానికి వెళ్లడం దండగా?

మీరు హైదరాబాద్‌లో మూడేళ్లుగా డీబీఏగా, అంటే డేటాబేస్‌లను చూసుకునే ఉద్యోగిగా పనిచేస్తున్నారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ గురించి బెంగళూరులో జరిగే పీజీకాన్ఫ్ ఇండియా సమావేశానికి వెళ్లాలని ఉంది కానీ కంపెనీ ఖర్చు భరించనంటోంది. వీడియోలు తర్వాత ఎలాగూ చూడవచ్చు కదా, టికెట్టుకూ ప్రయాణానికీ బసకూ కలిపి అంత డబ్బు పెట్టడం దండగేమో అన్నది మీ మొదటి సందేహం. పోస్ట్‌గ్రెస్ కోడ్ రాసేవాళ్ల ముందు ఇంగ్లీషులో నోరు విప్పాలంటే జంకుగా ఉందన్నది రెండవది. నేను 2023లోనూ 2025లోనూ రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ సొంత ఖర్చుతోనే వెళ్లాను కనుక నా అనుభవం మీకు పనికిరావచ్చు. క్లుప్తంగా నా జవాబు ఇది: మీ చేతిలో ఇంకా తేలని సమస్య ఒకటి ఉంటే తప్పకుండా వెళ్లండి, ప్రసంగాలు వినడం కోసమే అయితే ఈ ఏడాదికి మానుకోండి.

2023లో నా దగ్గర అలాంటి సమస్య ఉండేది. అప్పట్లో నేను పనిచేసిన చోట ఆర్డర్ల వివరాలు ఉండే టేబుల్ ఒకటి రోజురోజుకూ ఉబ్బిపోతుండేది. అందులో జీవమున్న రోలు (వాడుకలో ఉన్న వరుసలు) పట్టుమని 60 లక్షలు లేవు, టేబుల్ మాత్రం 90 జీబీ దాటింది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక రోను అప్‌డేట్ చేస్తే పాతది అక్కడే చెరిగిపోదు. కొత్త ప్రతి పక్కన చేరుతుంది, పాత ప్రతిని ఇక ఏ ట్రాన్సాక్షనూ (డేటాబేస్‌లో ఒక విడతగా సాగే పని) చూడాల్సిన అవసరం లేదని తేలిన తర్వాతే వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని వచ్చి ఆ జాగాను ఖాళీ చేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు కనుక లోపమంతా దానంతట అదే నడిచే ఆటోవాక్యూమ్ వేగంలోనే ఉందని తీర్మానించుకుని, టేబుల్‌లో 20 శాతం రోలు చనిపోయేదాకా ఆగే డిఫాల్ట్ స్కేల్ ఫ్యాక్టర్‌ను 1 శాతానికి తగ్గించాను, డిఫాల్ట్‌గా ఉండే 3 వర్కర్లను పెంచాను, అది ఒక దఫాలో చేయగల పనికి హద్దు పెట్టే కాస్ట్ లిమిట్ పెంచాను, చివరికి ఒక ఆదివారం రాత్రి అనుమతి తీసుకుని సర్వర్‌ను రీస్టార్ట్ కూడా చేయించాను. వాక్యూమ్ నిర్విరామంగా తిరుగుతూనే ఉంది, టేబుల్ పెరుగుతూనే ఉంది. డిస్కు పెంచమని అడిగిన ప్రతిసారీ మేనేజర్ గారు నావైపు చూసిన చూపు గురించి రాయడం అనవసరం.

ఆ వారంలోనే బెంగళూరు సమావేశం వచ్చింది. ముందుగా కొంటే టికెట్టు కొంత తక్కువకు వస్తుందని తెలిసి అప్పటికే కొనిపెట్టుకున్నాను కనుక, మూడు రోజులు సెలవు పెట్టి అమీర్‌పేటలో రాత్రి బస్సెక్కాను. బస ఖర్చు లేకుండా మారతహళ్లిలో స్నేహితుడు ఉండే పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌లో దిగాను; పీజీ సమావేశానికి వచ్చి పీజీలోనే దిగావా అని వాడు మూడు రోజులూ ఆటపట్టించాడు. కంపెనీ లాప్‌టాప్ ఊరు దాటించకూడదన్న నిబంధన ఉండటం వల్ల, వాక్యూమ్ ఏం చేసిందో వివరంగా చూపే వాక్యూమ్ వెర్బోస్ గత నాలుగు రోజుల ఫలితాలను ప్రింట్ తీసి, టేబుల్ పేర్ల మీద నల్ల మార్కర్ పూసి మడిచి జేబులో పెట్టుకున్నాను. నిజానికి ఆ కాగితాలు ఎవరికైనా చూపిస్తానన్న నమ్మకం నాకు ఏమాత్రం లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రసంగాలు విన్నాను, టీ తాగాను, గోడ పక్కన నిలబడి ఫోన్ చూసుకున్నాను. భోజనాల వరుసలో నా ముందు నిలబడ్డ ఒకావిడ ఫోన్‌లో తెలుగులో మాట్లాడటం విని, ఆవిడ మాట ముగించాక "మీది ఏ ఊరండీ?" అని అడిగాను. తెనాలి అని చెప్పి, పదిహేనేళ్లుగా డేటాబేస్‌ల పనిలో ఉన్నానని, ఇది తనకు మూడో సమావేశమని అన్నారు. నా గోడు విన్నాక ఆవిడ, "వివరించడానికి మాటలు వెతుక్కోకండి బాబూ. ఆ కాగితం తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టండి, ఆయనే చదువుకుంటారు" అని, ఉదయం వాక్యూమ్ గురించి ప్రసంగించిన డెవలపర్ కూర్చున్న బల్ల వైపు చూపించారు. పప్పన్నం ముగించేదాకా నాకు ధైర్యం చాలలేదు. ఆ తర్వాత వెళ్లి, నమస్కారం పెట్టి, ఆవిడ చెప్పినట్లే చేశాను.

ఆయన నాలుగు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. ప్రతి కాగితంలోనూ ఇన్ని 'డెడ్ రో వెర్షన్స్ కెనాట్ బి రిమూవ్డ్ యెట్' (చనిపోయిన రోలను ఇంకా తీసేయలేం) అన్న వాక్యం, దాని చివర 'ఓల్డెస్ట్ ఎక్స్‌మిన్' అంటూ, ఇంకా లెక్కలో ఉన్న అతి పాత ట్రాన్సాక్షన్‌ను సూచించే ఒక అంకె ఉన్నాయి. నా కళ్లెప్పుడూ వాక్యం మొదట్లో ఉన్న రోల సంఖ్య మీదే ఉండేవి, అది రోజూ పెరుగుతోంది కనుక. ఆయన మాత్రం జేబులోంచి పెన్ను తీసి చివరి అంకె కింద గీత గీశారు, రెండో కాగితంలోనూ గీశారు, మూడోదానిలోనూ నాలుగోదానిలోనూ గీశారు. నాలుగు రోజులూ అదే అంకె. మధ్యలో మేం రీస్టార్ట్ చేసిన ఆదివారం తర్వాత కూడా అదే అంకె. వాక్యూమ్ నిదానంగా లేదని, ఎవరో ఒకరు ఆ పాత రోలను ఇంకా చూడాల్సి రావచ్చని సర్వర్ అనుకుంటున్నందువల్ల వాక్యూమ్ ఎంత వేగంగా తిరిగినా వాటిని ముట్టుకోవడం లేదని అప్పుడు నాకు అర్థమైంది.

అలా పట్టుకుని కూర్చునేవి ఏవేమిటో చెప్పమని ఆయన నన్నే అడిగారు. ఎక్కువసేపు తెరిచి ఉంచిన ట్రాన్సాక్షన్, నకలు సర్వర్ కోసం పెట్టి వాడకుండా వదిలేసిన రెప్లికేషన్ స్లాట్, తనకు కావలసిన పాత రోలను ఉంచమని అడిగే హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ పెట్టుకున్న రెప్లికా (నకలు సర్వర్) అని మూడు చెప్పి, మూడూ చూశానని అన్నాను. నాలుగోది ఉందని, అది కమిట్ (ఖరారు) చేయడానికి సిద్ధం చేసి వదిలేసిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్ అని, అలాంటివి ఎన్ని ఉండవచ్చో చెప్పే సెట్టింగ్, మీ సర్వర్‌లో మ్యాక్స్ ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్స్ విలువ సున్నాయేనా అని ఆయన అడిగారు. డిఫాల్ట్ సున్నాయే కనుక మాదీ సున్నాయే అయి ఉంటుందన్నాను. ఆయన నవ్వి, 'అయి ఉంటుంది' అన్న మాటతో డేటాబేస్ నడపకూడదని, ఆఫీసుకు ఫోన్ చేసి అలాంటి ట్రాన్సాక్షన్ల జాబితా చూపే పీజీ ప్రిపేర్డ్ ఎక్సాక్ట్స్ అనే వ్యూ చూడమనమని చెప్పారు. వరండాలోకి వెళ్లి సహోద్యోగికి ఫోన్ చేశాను. ఒకే ఒక్క రో ఉందని, దానిలో ఉన్న తేదీ అయిదు వారాల కిందటిదని చెప్పాడు. జావా బృందం అప్లికేషన్ సర్వర్‌లో రెండు డేటాబేస్‌లకు కలిపి ఒకే ట్రాన్సాక్షన్ నడిపే ఏర్పాటు పెట్టుకుని, అందుకోసం ఆ సెట్టింగ్‌ను మార్పించిందని, ఆ మార్పు నేను చేరకముందే జరిగిందని తర్వాత తెలిసింది. ప్రిపేర్ అయిన ట్రాన్సాక్షన్ సర్వర్ కూలినా బతికి ఉండాలి, అది పుట్టిందే అందుకు. కనుక నా ఆదివారం రాత్రి రీస్టార్ట్ దానికి చీమ కుట్టినట్లు కూడా అనిపించి ఉండదు.

వెంటనే రోల్‌బ్యాక్ చేసేయమని, అంటే దాన్ని రద్దు చేసేయమని చెబుతానని పరుగున బల్ల దగ్గరకు వచ్చాను. ఆయన వద్దన్నారు. రెండో డేటాబేస్‌లో ఆ ట్రాన్సాక్షన్ సగం ఇప్పటికే కమిట్ అయి ఉంటే ఇక్కడ కూడా కమిట్ చేయాలని, లేకపోతే రెండు చోట్లా లెక్క తేడా వస్తుందని, ఆ సంగతి తేల్చాల్సింది డీబీఏ కాదు అప్లికేషన్ వాళ్లేనని చెప్పారు. ఆ తర్వాత ట్రాన్సాక్షన్ ఐడీల వయసెంతో, అంటే అన్నిటికన్నా పాత ఐడీ నుంచి ఇప్పటిదాకా ఎన్ని వాడుకున్నామో కనుక్కోమన్నారు. మాది 31 కోట్ల దగ్గర ఉంది. డిఫాల్ట్ ప్రకారం 20 కోట్లు దాటితేనే సర్వర్ బలవంతపు వాక్యూమ్ మొదలుపెడుతుందని, 200 కోట్లు దాటి హద్దు దగ్గరపడితే కొత్త రాతలను పూర్తిగా ఆపేస్తుందని, మాకు ఇంకా వ్యవధి ఉందని, అయితే దీన్ని వచ్చే నెలకు వాయిదా వేయవద్దని హెచ్చరించారు. ఆ సాయంత్రం జావా బృందం రెండో వైపు పరిశీలించి, అక్కడ ఏదీ కమిట్ కాలేదని నిర్ధారించాక రోల్‌బ్యాక్ ప్రిపేర్డ్ ఇచ్చారు. తెల్లవారేసరికి చనిపోయిన రోలన్నీ పోయాయి. ఫైలు పరిమాణం మాత్రం తగ్గలేదు; ఖాళీ అయిన జాగాను వాక్యూమ్ అదే టేబుల్ తిరిగి వాడుకోవడానికి అట్టేపెడుతుంది. వాక్యూమ్ ఫుల్ చేస్తే టేబుల్ మొత్తానికి తాళం పడుతుంది కనుక, రెండు వారాల తర్వాత అంతసేపు తాళం వేయకుండానే ఆ పని చేసే పీజీ రీప్యాక్ అనే సాధనంతో దాన్ని చిన్నది చేశాం.

ఇదంతా డాక్యుమెంటేషన్‌లో లేదా అంటే, ఉంది. ప్రిపేర్ ట్రాన్సాక్షన్ కమాండ్ పేజీలోనే, అలాంటి ట్రాన్సాక్షన్లను ఎక్కువకాలం వదిలేస్తే వాక్యూమ్‌కు అడ్డు తగులుతాయన్న హెచ్చరిక ఉంది. నేను వాక్యూమ్ అధ్యాయాన్ని మూడుసార్లు చదివాను గానీ, ఆ కమాండ్‌ను మేం వాడటం లేదన్న భ్రమలో ఆ పేజీ ఎన్నడూ తెరవలేదు. వీడియోల విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. ఉదయం ఆయన చేసిన ప్రసంగంలో ఈ విషయం ఒక స్లైడ్‌లో వచ్చింది, నేను మూడో వరుసలో కూర్చుని విని తల కూడా ఊపాను. నా సమస్యకూ ఆ స్లైడ్‌కూ సంబంధం ఉందని చూడటానికి వేరే మనిషి కన్ను కావలసి వచ్చింది. మీరు డబ్బు పెట్టవలసింది దానికి.

వాళ్లు అంత ఓపికగా ఎందుకు చెబుతారని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన పోస్ట్‌గ్రెస్‌గా మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న ఇప్పటి పేరు తెచ్చుకున్న ఈ ప్రాజెక్టుకు యజమాని అంటూ ఏ కంపెనీ లేదు. పోటీ కంపెనీల్లో జీతం తీసుకునేవాళ్లు ఒకే ప్యాచ్ (కోడ్‌లో చేర్చాలని పంపే మార్పు) మీద కలిసి పనిచేస్తారు. తాము రాసిన కోడ్ ప్రొడక్షన్‌లో ఎక్కడ ఎలా తిప్పలు పెడుతోందో వాళ్లకు మనలాంటివాళ్లు చెబితేనే తెలుస్తుంది. నా కాగితాలు చూసిన ఆయన, ఆ నాలుగో కారణాన్ని ఎందరు మరిచిపోతున్నారో అంటూ తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకోవడం నేను కళ్లారా చూశాను.

సమావేశం జరిగే కాలం కూడా గమనించవలసినదే. పోస్ట్‌గ్రెస్ ప్యాచ్‌లను సమీక్షించే కమిట్‌ఫెస్ట్‌లు జులైలో మొదలై మార్చిలో ముగుస్తాయి, ఏప్రిల్‌లో కొత్త ఫీచర్లకు తలుపు మూస్తారు, సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో కొత్త వెర్షన్ వస్తుంది. ఫిబ్రవరి చివర్లోనో మార్చి తొలి సగంలోనో జరిగే బెంగళూరు సమావేశం ఆఖరి కమిట్‌ఫెస్ట్ సమయానికే పడుతుంది. అక్కడికి వచ్చే డెవలపర్ల మనసంతా ఈ ఏడాది ఏది లోపలికి వెళుతుంది, ఏది ఆగిపోతుంది అన్నదాని మీదే ఉంటుంది. 2023 దాకా ఒట్టావాలో పీజీకాన్ పేరుతో, 2024లో వాంకూవర్‌లో, 2025లో మాంట్రియల్‌లో పీజీకాన్ఫ్ డెవ్ పేరుతో జరిగిన డెవలపర్ల సమావేశం మే నెలలో, అంటే తలుపు మూశాక జరుగుతుంది కనుక అక్కడి చర్చ రాబోయే వెర్షన్‌ను దాటి ఆ పై వెర్షన్ గురించి సాగుతుంది. డీబీఏగా మీకు బెంగళూరే మేలు.

ప్రసంగాల ఎంపిక గురించి పెద్దగా చెప్పను. తమ ఉత్పత్తి గొప్పతనం చెప్పేవాటిని వదిలేసి, తమ దగ్గర ఏది ఎలా చెడిపోయిందో చెప్పేవాళ్ల ముందు వరుసలో కూర్చోండి. మీరే ఒక ప్రసంగానికి ప్రతిపాదన పంపి అది ఎంపికైతే సాధారణంగా ప్రవేశ రుసుము ఉండదు. మూడేళ్ల అనుభవంతో అది అసాధ్యమేమీ కాదు. ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో మాత్రం వెళ్లకండి, ఆ ఆశతో వచ్చినవాళ్లను చూడగానే అక్కడివాళ్లకు తెలిసిపోతుంది.

ఇంగ్లీషు సంగతికి వస్తే, నాది ఇప్పటికీ అంతంతమాత్రమే. తిరిగి వచ్చాక కొన్ని నెలలకు, ఒక ప్యాచ్‌ను దించుకుని, కంపైల్ చేసి, మేక్ చెక్ అనే పరీక్షలు నడిపి, దాని డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన ఉదాహరణ పనిచేయడం లేదని నాలుగు వాక్యాలు రాసి పంపాను. ప్యాచ్ పంపినవారు అంతే బరువున్న మరొకరి ప్యాచ్‌ను సమీక్షించాలన్నది అక్కడి ఆనవాయితీ అయినా సమీక్షకుల కొరత ఎప్పుడూ ఉంటుంది, భాష గురించి నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. 2025లో వెళ్లినప్పుడు ఆ ప్యాచ్ రాసిన వ్యక్తే నన్ను వెతుక్కుంటూ వచ్చి పలకరించారు. తెనాలి మేడమ్ గారు కూడా ఆ ఏడాది కనిపించారు, టేబుల్ తగ్గిందా అని అడిగారు.

బయలుదేరే ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ సమస్య ఏదైనా సరే, వారం రోజుల పాటు రోజూ ఒకే సమయానికి దాని తాలూకు ఫలితాలు తీసి, పేర్లు చెరిపి, ప్రింట్ చేసి పెట్టుకోండి. నేను ఒక్క రోజు కాగితమే తీసుకెళ్లి ఉంటే, ఆ అంకె కదలడం లేదన్న సంగతి ఆయనకు కూడా తెలిసేది కాదు.