కంప్యూటర్ చెప్పే బీజగణితం పిల్లలకు వస్తోందా?

ప్రశ్న: మా హైస్కూల్లో 8వ తరగతి రెండు సెక్షన్లు, 80 మంది. వారానికి రెండు పీరియడ్లు ల్యాబ్‌లో బీజగణితం చేయిస్తున్నాం. సాఫ్ట్‌వేర్ రిపోర్టు ప్రకారం దాదాపు అందరికీ సమీకరణాలు వచ్చేశాయి. నోటుబుక్కులో మాత్రం తడబడుతున్నారు. దేన్ని నమ్మాలి?
– గణిత ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా

జవాబు: నోటుబుక్కునే నమ్మండి. 3(ఎక్స్ − 4) = 2ఎక్స్ + 5 ఇచ్చి చూడండి. బ్రాకెట్ విప్పేటప్పుడు 3ఎక్స్ − 4 అని రాసి, 9 తెచ్చేవాళ్లు కనిపిస్తారు (జవాబు 17). ఇలాంటి సాఫ్ట్‌వేర్ తప్పు అడుగు పడగానే పిల్లల్ని అక్కడే ఆపేస్తుంది; నోటుబుక్కులో అలా ఆపేవాళ్లుండరు. చాలావాటిలో సూచనలు వరుసగా నొక్కుకుంటూ పోతే చివరిది జవాబే చెప్పేస్తుంది. ఒక్కో సూచన దగ్గర పిల్లలు ఎన్ని సెకన్లు ఆగారో లాగ్‌లో (సాఫ్ట్‌వేర్ దాచే నమోదుల్లో) చూడండి. రెండు మూడు సెకన్లే అయితే చదవలేదన్నమాట.

అసలు తేల్చుకోవాలంటే ముందు 20 మార్కులకు కాగితం మీద పరీక్ష పెట్టండి, సాఫ్ట్‌వేర్‌లోని లెక్కలు లేకుండా. మార్కుల వరుసలో పక్కపక్కనున్నవాళ్లను జంటలు కట్టి, ల్యాబ్‌కు ఎవరో చీటీ తీయండి. జంటలో రెండోవాళ్లకు ఆ పీరియడ్‌లో తరగతి గదిలో టీచర్ బీజగణితమే చెప్పాలి. వాళ్లను ఆటలకు పంపితే, అదనపు లెక్కల పీరియడ్ చేసిన మేలంతా కంప్యూటర్ ఖాతాలో పడుతుంది. టర్మ్ చివర అంతే కష్టమైన మరో పరీక్ష పెట్టి, పేపర్లు కలిపేసి, పేర్లు కప్పి, వేరే టీచర్‌తో దిద్దించండి. ల్యాబ్ ఎగ్గొట్టినవాళ్లను తీసేయకండి. తీసేస్తే శ్రద్ధగల పిల్లలే మిగిలి, ఫలితం ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది.

తర్వాత ప్రతి జంటలో ల్యాబ్‌కు వెళ్లినవారి మార్కుల్లోంచి రెండోవారి మార్కులు తీసేసి, ఆ తేడాలకు సగటు కట్టండి. ఆ తేడాల ప్రామాణిక విచలనం (అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 4 అనుకుంటే, 40 జంటల సగటు అదృష్టవశాత్తూ అటూఇటూ ఊగే మేర 4 ÷ √40 = 0.63. దానికి రెట్టింపు, అంటే 1.3 మార్కుల లోపు సగటు తేడా వస్తే అది కాకతాళీయం కావచ్చు.

అమెరికాలో 'కాగ్నిటివ్ ట్యూటర్' అనే ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్‌ను ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 7 రాష్ట్రాల్లో ఇలాగే, బడులనే జంటలు కట్టి పరీక్షించింది. 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో మొదటి ఏడాది చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. రెండో ఏడాది హైస్కూళ్లలో మాత్రం 50వ పర్సంటైల్ దగ్గరుండే (అంటే నూటికి 50 మందికన్నా ముందుండే) విద్యార్థి 58కి చేరేంత ఫలితం వచ్చింది. అక్కడ సాఫ్ట్‌వేర్‌తో పాటు పాఠ్యపుస్తకం, టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారు. ఆ మేలు యంత్రం ఒక్కదానిదే అనలేం. కాబట్టి ఒక్క టర్మ్ చూసి ల్యాబ్‌కు తాళం వేయకండి. వచ్చే ఏడాది కొత్త బ్యాచ్‌కూ చీటీలు తీసి చూడండి.