పునీత అంతోనివారి గురించి మాట్లాడబోయే ముందు

అమ్మా,

నవదిన ప్రార్థనల్లో ఒక సాయంత్రం పాదువాపురి పునీత అంతోనివారి గురించి నిన్ను మాట్లాడమన్నారని, పదిహేను నిమిషాలు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని రాశావు. ఆ భయం ఉండటం మంచిదే. నాకు అది లేకపోయింది, అందుకే తప్పు చేశాను. ముందు ఆ సంగతి చెప్తాను.

ముప్పై ఏళ్ల కిందట ఇదే పండుగకు నన్ను మాట్లాడమన్నారు. నాకు తెలిసిన కథలన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. చివర్లో గొంతు పెంచి, "నమ్మి అడిగితే చాలు, పోయింది ఏదైనా సరే అంతోనివారు వెదికి తెచ్చి ఇస్తారు" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. పూజ అయ్యాక ఒక తల్లి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కొడుకు ఫొటో. తీసి చూపించీ చూపించీ దాని మూలలు మెత్తబడిపోయాయి. పిల్లాడు ఇంట్లోంచి వెళ్లి రెండేళ్లయిందట. "పదమూడు మంగళవారాలు మొక్కుకున్నానయ్యా. దొరకలేదు. నా నమ్మకమే తక్కువైందంటారా?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. ఆమె అసలే పుట్టెడు దుఃఖంలో ఉంది. తప్పు కూడా ఆమెదేనన్నట్టు మాట్లాడి వచ్చాను నేను.

కాబట్టి నా మొదటి సలహా ఇది. పునీతుడి తరఫున నువ్వు ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. ఆయన మనకోసం దేవుణ్ణి వేడుకుంటాడు, అంతవరకే మనం చెప్పగలిగింది.

ఆ రాత్రి తర్వాతే నేను ఆయన జీవితాన్ని శ్రద్ధగా చదివాను. పోయినవాటిని దొరికించే పునీతుడని మనం పిలుచుకునే మనిషికి, కోరుకున్నవి ఎన్నిసార్లు చేజారిపోయాయో అప్పుడు తెలిసింది. నీ ప్రసంగానికి ఇదే దారి చేసుకోమంటాను.

ఆయన పుట్టింది ఇటలీలోని పాదువాలో కాదు, పోర్చుగల్‌లోని లిస్బన్‌లో. 1195లో అని చెబుతారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫెర్నాండో. చిన్న వయసులోనే అగస్టీన్ సభ మఠంలో చేరాడు, తర్వాత కోయింబ్రాలో బాగా చదువుకున్నాడు. 1220లో మొరాకోలో వేదసాక్షులుగా, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చి, చనిపోయిన ఐదుగురు ఫ్రాన్సిస్ సభ సోదరుల అవశేషాలను కోయింబ్రాకు తెచ్చారు. అవి చూశాక ఆయన ఇక ఉండలేకపోయాడు. తానూ అలాగే ప్రాణం ఇవ్వాలని సభ మారాడు, అంతోని అని పేరు మార్చుకున్నాడు, మొరాకో వెళ్లాడు. వెళ్లి ఏం చేశాడు? జబ్బుపడి మంచం మీద పడుకున్నాడు. ఒక్క ప్రసంగం చెయ్యకుండానే తిరుగు ప్రయాణం. ఇంటికైనా చేరాడా అంటే అదీ లేదు. గాలివాన ఓడను సిసిలీ ఒడ్డుకు కొట్టింది.

ఇక్కడ కాసేపు ఆగు. పాతికేళ్ల కుర్రాడు, ఒంట్లో బలం లేదు, అనుకున్నది ఒక్కటీ జరగలేదు, ముక్కూమొహం తెలియని దేశంలో వచ్చిపడ్డాడు. మన ముందు కూర్చునేవాళ్లలో ఈ స్థితి ఎరిగినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు ఆయన్ని అక్కడే గుర్తుపడతారు.

ఆ తర్వాత ఇటలీలో ఫోర్లీ దగ్గర మోంతెపావొలో అనే కొండమీది ఆశ్రమంలో ఉన్నాడు. అంత చదువుకున్నవాడని అక్కడ ఎవరికీ తెలియదు. వంటగిన్నెలు కడిగేవాడని చెబుతారు. 1222లో ఫోర్లీలో కొందరికి గురుపట్టాభిషేకం జరిగింది, అంటే వాళ్లు గురువులయ్యారు. ప్రసంగం చెయ్యడానికి ఎవరూ సిద్ధపడి రాలేదు. పెద్దాయన అంతోని వైపు తిరిగి, పవిత్రాత్మ ఏం పలికిస్తే అది చెప్పమన్నాడు. మొదట గొంతు మెల్లగా లేచిందట, తర్వాత అందరూ నోరు తెరుచుకుని విన్నారు. అప్పటినుంచి జీవితం మారిపోయింది. ఉత్తర ఇటలీలో, దక్షిణ ఫ్రాన్స్‌లో ఊరూరా తిరిగాడు. తన సోదరులకు వేదాంతశాస్త్రం చెప్పమని ఆ సభను స్థాపించిన అస్సీసి ఫ్రాన్సిస్‌వారే ఉత్తరం రాశారు. చదువు వల్ల ప్రార్థన ఆరిపోకూడదన్నది ఒక్కటే షరతు.

ఇక మహిమల సంగతి. రిమినిలో జనం వినకపోతే ఆయన నీటి ఒడ్డుకు వెళ్లి చేపలకు బోధించాడని, అవి తలలు పైకెత్తి వరుసగా నిలబడి విన్నాయని కథ. మూడు రోజులు పస్తున్న కంచరగాడిద ముందున్న మేతను వదిలేసి దివ్యసత్ప్రసాదం ముందు మోకరించిందని ఇంకో కథ. వీటిని చెప్పు, తప్పకుండా చెప్పు. పిల్లలకు అవే గుర్తుంటాయి. కానీ "చెబుతారు", "కథ ఉంది" అన్న మాటలు మింగెయ్యకు. ఆయన చనిపోయిన మరుసటి ఏడాదే ఒక సోదరుడు, పేరు తెలియదు, ఆయన తొలి జీవితచరిత్ర రాశాడు. దాని పేరు అస్సిదువా. బతికుండగా చేసిన అద్భుతాల గురించి అందులో దాదాపు ఏమీ ఉండదు. చేపల కథలాంటివి తర్వాతి తరాల పుస్తకాల్లో కనిపిస్తాయి. అంతమాత్రాన అవి అబద్ధాలని కొట్టిపారెయ్యకు. జనం ఆయన మాటను ఎంతగా ప్రేమించారో ఆ కథలు చెబుతున్నాయి. చరిత్రను చరిత్రలా, కథను కథలా చెప్తే రెండూ నిలబడతాయి. కలిపేస్తే, రేపు ఏ కాలేజీ కుర్రాడో లేచి "ఇది నిజమేనా?" అన్నప్పుడు చరిత్ర కూడా కథతోపాటు కొట్టుకుపోతుంది.

తాళాలు, పర్సులు వెదికించే పేరు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పు. అది ఒక పుస్తకం కథ. ఆయన దగ్గర కీర్తనల గ్రంథం ఉండేది. అచ్చు యంత్రం లేని కాలం, ప్రతి అక్షరం చేత్తో రాసిందే. విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి ఏళ్ల తరబడి రాసుకున్న గుర్తులన్నీ అందులోనే ఉన్నాయి. మఠం వదిలి వెళ్లిపోతూ ఒక కుర్ర సోదరుడు దాన్ని ఎత్తుకుపోయాడు. అంతోనివారు ప్రార్థించారు. కుర్రాడు పుస్తకం తెచ్చి ఇచ్చాడు, తానూ మఠానికి తిరిగి వచ్చాడు. ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం కథంతా అందులోనే ఉంది. పుస్తకం దొరకడం కన్నా కుర్రాడు దొరకడం పెద్ద విషయం కదా.

చివరి ఏడాదికి, అంటే 1231కి, నీ పదిహేను నిమిషాల్లో సగం ఇవ్వు. ఆ తపస్సుకాలమంతా, అంటే ఈస్టర్‌కు ముందు నలభై రోజులూ, ఆయన పాదువాలో రోజూ ప్రసంగించాడు. గుళ్లు సరిపోక బయట మైదానాల్లో నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అప్పు తీర్చలేనివాణ్ణి జైల్లో వేసేవారు. ఆయన అడిగితే ఆ మార్చిలోనే పాదువా నగరం చట్టం మార్చింది: ఉన్న ఆస్తి అప్పగించినవాణ్ణి అప్పు కోసం ఖైదులో పెట్టకూడదని. ఆ శాసనంలో ఆయన పేరు కూడా ఉంది. ఇది కథ కాదు, కాగితం మీద ఉన్న చరిత్ర. అప్పు భయం తెలిసిన ఇల్లు లేని ఊరు ఉండదు. చేపల కథ కన్నా ఇది వాళ్ల గుండెకు ఎక్కువ తగులుతుంది, చూడు.

దాని వెంటనే ఇంకొకటి చెప్పు. అదే ఏడాది ఆయన వెరోనా వెళ్లి, బందీగా ఉన్న ఒక ప్రభువును విడిచిపెట్టమని అక్కడి పాలకులను బతిమాలాడు. వాళ్లు వినలేదు. ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. ఇంత గొప్ప పునీతుడు, ఇంత మాటకారి, అడిగితే కాదన్నారు. ఆ రోజు ఆ తల్లి ముందు నాకు ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. నమ్మకం తక్కువై కాదమ్మా, ఆయనకూ కాదన్నారు అని చెప్పి ఉండేవాణ్ణి.

ఆరోగ్యం పాడై కాంపోసాంపియెరోలో విశ్రాంతి తీసుకున్నాడు. అక్కడ పెద్ద అక్రోటు చెట్టు మీద ఆయనకు చిన్న గది కట్టి ఇచ్చారు. జూన్ 13న భోజనం దగ్గర కుప్పకూలాడు. పాదువా చేరాలన్నాడు. ఎద్దులబండి మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు. ఊరు చేరలేకపోయాడు. గోడల బయట ఆర్చెల్లాలో ప్రాణం పోయింది. దేహం ఎక్కడ ఉంచాలని తగవులు పడి, చివరికి 17న, మంగళవారం, ఊళ్లో సమాధి చేశారు. మన మంగళవారం భక్తి అక్కడినుంచి వచ్చిందే. ఏడాది తిరక్కుండానే, 1232 మే 30న, తొమ్మిదో గ్రెగరీ పోపు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. 1263లో సమాధి తెరిస్తే దేహం మట్టైపోయినా నాలుక చెడలేదంటారు. దాన్ని ఈనాటికీ పాదువా గుడిలో ఉంచారు. 1946లో పన్నెండో పయస్ పోపు ఆయనకు శ్రీసభ పండితుడన్న గౌరవం ఇచ్చారు. ఈ తేదీలు ఒక్కసారి చెప్పి ముందుకు సాగు, వాటి మీద నిలబడకు.

మాట్లాడేటప్పుడు ఆయన స్వరూపం వైపు చెయ్యి చూపించు. చేతిలో పుస్తకం, దాని మీద బాలయేసు, పక్కన లిల్లీ పువ్వు. పుస్తకం ఎందుకో పిల్లల్నే అడుగు. నువ్వు చెప్పేలోపు ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఆయన పేరు మీద పేదలకు రొట్టెలు పంచే ఆచారం గురించి రెండు మాటలు చాలు, పంచేటప్పుడు వాళ్లే చూస్తారు.

కాగితం చూసి చదవకు. ఓడ, పుస్తకం, అప్పు చట్టం, ఎద్దులబండి అని నాలుగు మాటలు చీటీ మీద రాసుకో. ఇంట్లో రెండుసార్లు గొంతెత్తి చెప్పుకో. అంతకుమించి బట్టీ పట్టొద్దు.

ఇంకొక్కటి. మాట్లాడటం అయ్యాక వెంటనే వెళ్లిపోకు, స్వరూపం దగ్గరే కాసేపు నిలబడు. ఎవరో ఒకరు వస్తారు. చేతిలో ఫొటో ఉండొచ్చు, మందుల చీటీ ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. జవాబు వెదుక్కోకు. పేరు అడుగు, ఎవరికోసం ప్రార్థించాలో అడుగు, వాళ్ల పక్కనే మోకరించు. ఆ రాత్రి ఆ తల్లికి నేను అదైనా చెయ్యలేకపోయాను. ఆమె కొడుకు పేరు ప్రతి మంగళవారం ఇప్పటికీ తలుచుకుంటున్నాను.

మీ పెదనాన్న