ఆ గడిలో ‘లేదు’ అని రాయకు

అమ్మాయ్ స్వప్నా,

నువ్వు కానిస్టేబుల్‌కి ప్రిపేరవుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింట్లో ఖాకీ నాతోనే ఆఖరనుకున్నా, సంతోషమేసింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

ఆడపిల్లలకి 1600 మీటర్ల పరుగు 10 నిమిషాల 30 సెకన్లలో అయిపోవాలి. ఎత్తు 152.5 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు ఉండాలి, నువ్వేమో సరిగ్గా తిండే తినవు. డిగ్రీ మానేసి కోచింగ్‌కి పోతానంటే మాత్రం ఊరుకోను. 2022 నవంబర్‌లో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే, 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాసిన పిల్లలకి ఫైనల్ పరీక్ష 2025 జూన్‌లో గానీ జరగలేదు.

నా భయమంతా అటెస్టేషన్ ఫామ్ గురించే, అదే సెలెక్టయ్యాక మన వివరాలూ కేసులూ మనమే రాసిచ్చే కాగితం. గట్టు తగాదాలో పక్క చేనువాళ్లు మీ నాన్న మీద కేసు పెట్టి, ఆ రోజు ఊళ్లోనే లేని నీ పేరు కూడా రాయించారు కదా. లోక్ అదాలత్‌లో రాజీ అయింది, ఇంకేముందిలే అంటాడు మీ నాన్న. మా బ్యాచ్‌లో ఒకడూ అట్లానే అనుకున్నాడు. తిరనాళ్లలో కొట్లాట, కేసు కొట్టేశారు, ‘కేసులేమైనా ఉన్నాయా’ అన్నచోట ‘లేదు’ అని రాశాడు. మాలో అందరికంటే బాగా పరిగెత్తేవాడు. వెరిఫికేషన్‌కి ఊరికెళ్తే స్టేషన్ రికార్డులో పేరుంది. ట్రైనింగ్ మధ్యలో ట్రంకుపెట్టె మోసుకుని బస్టాండుకి నడిచాడు. ఆ చిన్న కేసుకి కాదమ్మా, దాచినందుకు పోయింది ఉద్యోగం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మరీ చిన్న కేసైతే దాచినా క్షమించే వీలుందంది గానీ, ఆ నిర్ణయం డిపార్ట్‌మెంటుదే. వాళ్ల దయ మీద ఆధారపడతావా? రాసెయ్. రాసినా అడుగుతారు, కాగితాలు చూపించి చెప్పుకోవచ్చు.

ఇంత పట్టుదల ఎందుకంటావా, రేపు స్టేషన్‌లో ఫిర్యాదు చెప్పుకోడానికి నీ ముందుకొచ్చే ఆడమనిషి నువ్వు రాసుకున్న మాటనే నమ్ముకుని ఇంటికెళ్తుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయాలి, చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా చేతికివ్వాలి. మా పరిధి కాదు పొమ్మనకూడదు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది. నెల్లూరు రొట్టెల పండగ బందోబస్తులో స్వర్ణాల చెరువు దగ్గర నిలబడితే దొంగల కంటే తప్పిపోయిన పిల్లలే ఎక్కువ దొరికేవాళ్లు మాకు. ఏడ్చే పిల్లాడు నా చొక్కా వదిలేవాడు కాదు, నాకు టీ తాగడానికీ కుదిరేది కాదు.

సరే, ఆ రాజీ కాగితం ఎక్కడుందో మీ నాన్నని ఇవాళే అడుగు. పోయిందంటే తిట్టకు, ఆ పని నేను చూసుకుంటా. సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయాలి, ఆదివారం కావలి వస్తా. చేపల పులుసు పెట్టమని మీ అమ్మకి చెప్పు.

మీ మామయ్య