మీరు తవ్వుకున్న ఖనిజానికీ రేటుంది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. చేతికి 46 వేలు వస్తాయి. మూడేళ్లుగా ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష నౌకల కంప్యూటర్ ఆట ఆడుతున్నాను, రెండు అకౌంట్లు. ఒకదాంతో ఖనిజం తవ్వి, రెండో దాంతో కారకల్ నౌకలు తయారుచేసి ఆటలోని పెద్ద మార్కెట్ జిటాలో అమ్ముతాను. ఒక్కోటి 140 లక్షల ఇస్క్‌కు (ఆటలోని డబ్బు) పోతుంది. ఖనిజం నాదే కాబట్టి తయారీ రుసుము 9 లక్షలే ఖర్చు. నౌక తయారీకి వాడే బ్లూప్రింట్ మెటీరియల్ ఎఫిషియెన్సీ (ఖనిజం ఆదా చేసే స్థాయి) 4లో ఉంది. 60 నౌకలు ఇంకా అమ్ముడుపోలేదు. కొత్త బ్లూప్రింట్లకు పెట్టుబడి చాలక నెలకు 4 వేల దాకా పెట్టి, ఆటలో ఇస్క్‌గా మార్చుకునే ప్లెక్స్ కొంటున్నాను. కార్డు బాకీ 38 వేలైంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. 60 వేల ఎఫ్‌డీని ముట్టుకోలేదు. తప్పెక్కడ ఉంది మేడం? ఉన్న ఇస్క్ అమ్మి కార్డు తీర్చొచ్చా?

జవాబు: ‘ఖనిజం నాదే’ అన్న మాట దగ్గరే మీ లెక్క తప్పింది.

బాలానగర్‌లో మా నాన్నగారికి ఇనుప గేట్లు చేసే చిన్న షెడ్ ఉండేది. రేటు తగ్గినప్పుడు కొన్న యాంగిళ్లు, పైపులు ఒక మూల పడి ఉండేవి. కొటేషన్ రాసేటప్పుడు ‘ఇది మన సరుకే కదా’ అని వాటికి పాత ధరే వేసేవారు, ముక్కలకైతే అసలు వేసేవారే కాదు. గేట్లు బాగానే పోయేవి. మళ్లీ ఇనుము కొనాల్సి వచ్చేసరికి మాత్రం చేతిలో డబ్బుండేది కాదు. ఆ లెక్కల పుస్తకం పదో తరగతిలో ఉన్న నేనే రాసేదాన్ని. కారణం అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. బేగంబజార్‌లో ఏ టోకు వ్యాపారిని అడిగినా చెబుతాడు: గోడౌన్‌లో సరుకు ఎప్పుడు కొన్నదైనా దాని విలువ ఈరోజు రేటే.

మీ కారకల్‌కూ అదే లెక్క వేద్దాం. ఒక నౌకకు పట్టే ట్రైటానియం, పైయెరైట్, మెక్సాలాన్ లాంటి ఖనిజాలన్నీ జిటాలో నేరుగా అమ్మితే, పన్ను పోను 132 లక్షలు మీ చేతికి వస్తాయనుకోండి. నౌక చేసి అమ్మితే 140 వస్తాయి. అందులో తయారీ రుసుము 9 పోతుంది. అమ్మకం పన్ను, బ్రోకర్ రుసుము కలిపి 5 శాతం అనుకుంటే మరో 7 పోతుంది. మిగిలేది 124. అంటే కష్టపడి నౌక చేసినందుకు 8 లక్షలు తగ్గాయి. మీరొక్కరే కాదు, తవ్విన ఖనిజాన్ని ఉచితంగా లెక్కగట్టే వాళ్లు చాలామంది ఉంటారు. అందుకే సులభంగా చేయగలిగే నౌకల ధర చాలాసార్లు ముడిసరుకు విలువ కన్నా కిందికి జారుతుంది.

కాబట్టి ప్రతి తయారీకి ముందు జిటా ధరలు చూడండి. ఖనిజం అమ్మితే ఎక్కువొస్తే ఖనిజమే అమ్మేయండి. బ్లూప్రింట్‌ను రీసెర్చ్ చేసి ఎఫిషియెన్సీ 10కి తీసుకెళ్తే నౌకకు 8 లక్షల పైచిలుకు ఖనిజం మిగులుతుంది, లోటు పూడుతుంది. లాభం మాత్రం అప్పటికీ పెద్దగా రాదు. తయారీ రుసుము కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఎక్కువ మంది తయారీ పెట్టిన సిస్టమ్‌లో (ఆటలోని నక్షత్ర ప్రాంతంలో) ఎక్కువ ఉంటుంది. రద్దీ లేని చోట రుసుము ఎంతో కనుక్కోండి, రవాణా కలుపుకుని పోల్చండి. ఇంకొకటి, అమ్మకం ఆర్డర్ ధర మార్చిన ప్రతిసారీ రుసుము పడుతుంది. రోజుకు పదిసార్లు మార్చే అలవాటుంటే మానేయండి.

పెట్టుబడి చాలడం లేదన్నారు. చాలకేం, 60 నౌకల్లో దాదాపు 79 కోట్ల ఇస్క్ ఖనిజం ఇరుక్కుని ఉంది. అవి పోయేదాకా కొత్తది మొదలుపెట్టకండి, కొత్త బ్లూప్రింట్ ఒరిజినల్ కొనకండి. అవసరమైతే కొన్నిసార్లే వాడగలిగే కాపీ కొని ప్రయత్నించండి. జిటాకు తీసుకెళ్లేటప్పుడు అన్నీ ఒకే నౌకలో వేయొద్దు. హైసెక్ అనే భద్రత ఎక్కువున్న ప్రాంతంలో దాడి చేసిన వాళ్లను ఆటలోని పోలీసు, కాంకార్డ్, శిక్షిస్తుందే గానీ పోయిన సరుకు తిరిగి ఇవ్వదు. కొరియర్ కాంట్రాక్టుకు ఇస్తే సరుకు విలువంతా కొలాటరల్‌గా, అంటే హామీ సొమ్ముగా పెట్టించుకోండి.

ఇక రూపాయల సంగతి. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇదే. ఇస్క్‌ను రూపాయలకు అమ్మడం ఆట నిబంధనలకు విరుద్ధం, దొరికితే అకౌంట్ పోతుంది. రూపాయలు పెట్టి ప్లెక్స్ కొని, దాన్ని ఆటలో ఇస్క్‌గా మార్చుకోవచ్చు. వెనక్కి దారి లేదు. అందుకే మీ ఇస్క్ ఎంతున్నా నేను దాన్ని ఆస్తి కింద రాయను. ప్లెక్స్‌కు పెట్టింది పెట్టుబడి కాదు, సినిమా టికెట్‌లా వినోదం ఖర్చు.

కార్డు బాకీ మీద నెలకు 3.5 శాతం అనుకున్నా 38 వేలకు 1,330 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,570 దాకా పోతోంది. ఏడాదికి వడ్డీయే 42 శాతం. ఎఫ్‌డీ మీద మీకు వచ్చేది 7 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఈ వారమే ఎఫ్‌డీ బ్రేక్ చేసి కార్డు మొత్తం తీర్చేయండి. గడువుకు ముందు తీసినందుకు వడ్డీ కొంచెం కోస్తారు, పర్వాలేదు. మిగిలిన 22 వేలు అత్యవసర నిధిగా ఉంచి, బ్లూప్రింట్ల కోసం ప్లెక్స్‌కు పోయే 4 వేలూ నెలనెలా అందులో వేయండి.

ఆట మానమని నేను చెప్పను. ఉద్యోగం నుంచి అలిసిపోయి వచ్చాక మీకు ఇష్టమైన పని అది. రెండో అకౌంట్‌ను ఉచిత ఆల్ఫాకు దించండి. డబ్బు కట్టి ఆడే ఒమేగాకు 30 రోజులకు 500 ప్లెక్స్ కావాలి. అది ఒక్క అకౌంట్‌కే కట్టండి, ఆ ఖర్చుకు నెలకు ఒక మొత్తం ముందే అనుకుని డెబిట్ కార్డుతో కొనండి. విదేశీ లావాదేవీ మార్కప్ దానిమీద కూడా పడుతుంది, కాబట్టి అదీ లెక్కలో వేసుకోండి. ముందు ఎఫ్‌డీ పని చూడండి, నౌకలు తర్వాత.