సంఘ పెద్దగా ఎన్నికైన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్ను సంఘ పెద్దగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తగవులు వస్తే ఎలా తీర్చాలో రాయమన్నావట. ముందుగా బైబిలులో నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం నిదానంగా చదువు. యూదా దేశపు అధికారిగా నెహెమ్యా కట్టించిన యెరూషలేము గోడ 52 దినాల్లో ముగిసిన సంగతి మందిర నిర్మాణ కానుకలు పట్టే ప్రతి ఆదివారమూ వింటాము గాని, ఆ గోడ కడుతున్న కాలంలోనే లేచిన మొరను గురించి ప్రసంగించే వారు తక్కువ.

కరవు వచ్చి ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టినవారు, రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేసినవారు, చివరకు బిడ్డలను దాస్యానికి అప్పగించినవారు నెహెమ్యా దగ్గర మొరపెట్టుకున్నారు. వారిని పిండుకున్నది పరాయివారు కాదు, సొంత సహోదరులే. ఆయనకు మిక్కిలి కోపం వచ్చింది. అయినా వెంటనే నోరు తెరవలేదు, తనలో తాను ఆలోచించుకున్న తరువాతనే ప్రధానులను, అధికారులను గద్దించాడు. ఆపైన వారిని చాటుగా బుజ్జగించక సమాజాన్ని సమకూర్చి, "నేనూ, నా బంధువులూ, నా దాసులూ అప్పులిచ్చాము" అని తన పద్దును కూడా అందరి ఎదుటా పెట్టాడు. పొలాలు, తోటలు, ఇళ్లు, వడ్డీగా తీసుకున్న నూరవ భాగం ఆ దినమే తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. వారు సరేనన్నా ఊరుకోక, యాజకులను పిలిచి ప్రమాణం చేయించి, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలాగే దులిపివేస్తాడని తన ఒడి దులిపి చూపించాడు. మాట తీసుకోవడంతో తగవు తీరిపోదని ఆయనకు తెలుసు.

నాకది తెలియక కాదు, పాటించలేకపోయాను. చాలా ఏళ్ల క్రితం ఇద్దరు అన్నదమ్ముల మధ్య ప్రహరీ గోడ తగవు నా దగ్గరకు వచ్చింది. పెద్దవాడు ప్రతి కూటానికీ నన్ను తన కారులో తీసుకెళ్లేవాడు, భోజనం కూడా వారింట్లోనే. అతడు చెప్పింది విని, చిన్నవాణ్ణి పిలవకుండానే తీర్పు చెప్పేశాను. తరువాత కొలత వేస్తే జానెడు స్థలం చిన్నవాడిదే అని తేలింది. మొదట మాట్లాడినవాడు న్యాయవంతుడిలా కనబడతాడని సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో ఉన్న మాట ఎన్నిసార్లు చదివానో! ఎవరి ఉప్పు తింటే వారి పాటే నోటికి వస్తుంది.

అందుకే నెహెమ్యా 5వ అధ్యాయం చివరి వచనాలు మరీ శ్రద్ధగా చూడు. ముందటి అధికారులు జనుల దగ్గర ఆహారం, ద్రాక్షారసం, వాటితో పాటు 40 తులాల వెండి తీసుకునేవారు. వారి పనివారు సైతం జనులపై పెత్తనం చేసేవారు. నెహెమ్యా తన బల్ల దగ్గర 150 మందికి భోజనం పెడుతూ కూడా, న్యాయంగా తనకు రావలసిన ఆహారాన్ని 12 ఏళ్లు అడగలేదు. జనుల మీద భారం ఎక్కువగా ఉందన్నదే ఆయన చెప్పిన కారణం. తగవు విననివ్వని మొహమాటం ఆయనకు లేకపోవడంలో వింత లేదు.

కాబట్టి మొదటి కమిటీ కూటానికి ముందే, సంఘంలో ఎవరి దగ్గరైనా నీకు అప్పు ఉంటే తీర్చెయ్యి. కూటానికి సొంత బండి మీదే వెళ్లు. మీ పెదనాన్నగారి పొలం లీజు విషయం చర్చకు వచ్చిన రోజున ఆయన నీకు బంధువని నీవే ముందు చెప్పి, కుర్చీ వదిలి బయట కూర్చో.

మీ మామయ్య