బిల్లు ‘కటాఫ్ దాటింది’ అంటే చట్టం అయిపోయినట్టేనా?

అడిగింది సియాటెల్ దగ్గర బాతెల్‌లో ఉండే ఒకాయన, వాళ్ల స్టేట్ రిప్రజెంటేటివ్ పంపే సెషన్ మెయిల్‌లో ఆ మాట చూసి.

కాదండీ, ఇంకా చాలా దూరం ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో శాసనసభ ఏడాది పొడుగునా కూర్చోదు. జనవరి రెండో సోమవారం మొదలై బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులే, అందుకే ప్రతి మెట్టుకీ ఒక గడువు (కటాఫ్ అంటే ఇదే) పెట్టుకుంటారు: ముందు కమిటీ, డబ్బు ఖర్చుంటే ఆర్థిక కమిటీ, తర్వాత బిల్లు పెట్టిన సభలో ఓటు, ఆపైన రెండో సభలో మళ్లీ ఇదే తంతు. మీ మెయిల్‌లో ఏ కటాఫ్ అన్నారో చూడండి, అసలు సంగతంతా అక్కడే ఉంది. గడువు తప్పితే సాధారణంగా ఆ ఏడాదికి అంతే (బడ్జెట్‌కి అవసరమైన బిల్లులకు మాత్రం మినహాయింపు ఇస్తారు), కానీ బేసి ఏడాదిలో ఆగిపోయింది మరుసటి ఏడాది మళ్లీ లేవొచ్చు.

ఇలాంటి మెయిల్స్‌లో సొంత డబ్బా కొంత ఉంటుంది, అది మామూలే. నేనైతే బిల్లు నంబరు పట్టుకుని శాసనసభ సైట్‌లో వెతుకుతాను. కమిటీ హియరింగ్ (జనం అభిప్రాయాలు వినే సమావేశం) ఉంటే, అది మొదలవడానికి గంట ముందు వరకూ ‘ప్రో’ (అనుకూలం) అనో ‘కాన్’ (వ్యతిరేకం) అనో ఇంట్లో కూర్చునే నమోదు చేయొచ్చు, మాట్లాడక్కర్లేదు. రెండు సభలూ పాస్ చేశాక కూడా గవర్నర్ వీటో చేయొచ్చు.